రెండు నెలలు, సున్నా రీడింగ్: అసలు కేజీఎఫ్ కథ

ఫోన్‌ని ఒక్క నిమిషం బల్ల మీద పెట్టండి. ఈ నిమిషంలో మీ స్క్రీన్‌ గుండా దాదాపు వంద మ్యూయాన్లు దూసుకెళ్ళిపోతాయి. మ్యూయాన్ అంటే ఎలక్ట్రాన్‌ లాంటిదే, కానీ దానికంటే సుమారు 200 రెట్లు బరువు. అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు మన వాతావరణాన్ని గుద్దుకుంటే ఇవి పుడతాయి. మా భోగాపురం బీచ్‌లో నిల్చున్నా, ఇంట్లో పడుకున్నా ఈ వాన మాత్రం ఆగదు.

ఆ గుద్దుకోవడంలోనే న్యూట్రినోలు కూడా పుడతాయి. అవి భూమిని కూడా దాటుకుని అటువైపు వెళ్ళిపోగలవు. ఎక్కడో అరుదుగా ఒకటి దేన్నైనా తాకుతుంది. మ్యూయాన్ల వానలో ఆ ఒక్కదాన్ని గుర్తుపట్టడం ఎలా? గొడుగు కావాలి. కిలోమీటర్ల మందం రాతి గొడుగు!

అది మన పక్కనే ఉండేది. కేజీఎఫ్ అనగానే మీకు రాకీ భాయ్ గుర్తొస్తాడు. అసలు కోలార్ గోల్డ్ ఫీల్డ్స్ మన కుప్పం సరిహద్దుకి దగ్గర్లో, కర్ణాటకలో ఉంది. చిత్తూరు వైపు నుంచి వెళ్ళిన తెలుగువాళ్ళు, తమిళులు తరాల తరబడి చెమటోడ్చి మూడు కిలోమీటర్ల లోతు వరకు తవ్విన గనులవి.

1951లో హోమీ భాభా సలహాతో బి.వి. శ్రీకంఠన్ అనే కుర్ర శాస్త్రవేత్త ఆ గనుల్లోకి దిగి మ్యూయాన్లను లెక్కపెట్టడం మొదలుపెట్టారు. 1960ల మొదట్లో మియాకె, నరసింహం, రమణమూర్తి ఇంకా లోతుకి వెళ్ళారు. (రమణమూర్తి అంటే మా పక్కింటి మాస్టారి పేరులా లేదూ!) లోతు పెరిగేకొద్దీ లెక్క తగ్గుతూ వచ్చింది. అన్నిటికంటే లోతైన చోట రెండు నెలలు చూశారు. ఎన్ని వచ్చాయో తెలుసా? సున్నా!

ఇది మా అమ్మకి చెప్తే, "ఏటీ రానిదానికి రెండు నెలలేటిరా?" అంది. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేటప్పుడు డ్యాష్‌బోర్డ్‌లో సున్నా కనిపిస్తే సర్వర్ పడిపోయిందనే అనుకునేవాణ్ణి. కానీ వీళ్ళు పై లోతుల్లో ఒక్కో మెట్టూ కొలుచుకుంటూ దిగారు. అందుకే ఆ సున్నాని నమ్మగలిగారు. గొడుగు పనిచేస్తోందన్నమాట! ఇక అక్కడ ఏదైనా వినిపిస్తే అది న్యూట్రినో పనే అయ్యుండాలి.

టీఐఎఫ్ఆర్, జపాన్‌లోని ఒసాకా సిటీ, ఇంగ్లాండ్‌లోని డరమ్ యూనివర్సిటీల వాళ్ళు కలిసి 2.3 కిలోమీటర్ల లోతులో డిటెక్టర్లని గోడల్లా నిలబెట్టారు. నిలువుగా ఎందుకు? పక్క నుంచి అడ్డంగా వచ్చే మ్యూయాన్‌ని పట్టడానికి. అటువైపు ఉన్న అంత రాయిని మామూలు మ్యూయాన్ దాటి రాలేదు. కాబట్టి అది దగ్గర్లోని రాయిలో న్యూట్రినో తాకి పుట్టించినదే. 1965లో అవి దొరికాయి. అదే ఏడాది దక్షిణాఫ్రికా బంగారు గనిలో ఫ్రెడరిక్ రైన్స్ బృందానికీ దొరికాయి. డేటాలో వాళ్ళు ముందు, పేపర్‌లో రెండు వారాలు మనం ముందు.

మరి దీనివల్ల ఏం తెలిసింది? వాతావరణంలో పుట్టే ఇవే న్యూట్రినోలను తర్వాత జపాన్‌లో సూపర్ కమియోకాండే పరిశీలించింది. దారిలో అవి రకం మార్చుకుంటున్నాయని 1998లో చూపించింది. అలా మారాలంటే వాటికి బరువుండాలి. స్టాండర్డ్ మోడల్ ఆ బరువు సున్నా అనుకుంది! 2015లో దీనికి నోబెల్ వచ్చింది. విశ్వంలో పదార్థమే ఎందుకు మిగిలింది, ప్రతిపదార్థం ఏమైంది అన్న ప్రశ్నకి జవాబు కూడా న్యూట్రినోల్లోనే ఉండొచ్చని చాలామంది అనుమానం.

మరి మన గొడుగేమైంది? బంగారం గిట్టుబాటు కాక లోతైన గనులు మూసేస్తుంటే 1990లలో ప్రయోగాలు ఆగాయి. 2001లో గనులే మూతపడ్డాయి, నీళ్ళు నిండిపోయాయి. తమిళనాడులోని తేని దగ్గర కొత్త న్యూట్రినో ల్యాబ్‌కి 2015లో కేంద్రం ఒప్పుకుంది. అక్కడి జనం కొండకీ నీళ్ళకీ ఏమవుతుందో అని భయపడ్డారు, విషయం కోర్టులకెక్కింది, ల్యాబ్ ఆగింది.

నేను సైన్స్ పిచ్చోణ్ణే. అయినా వాళ్ళని తిట్టలేను. మా భోగాపురంలో ఎయిర్‌పోర్ట్‌కి భూములు అడిగినప్పుడు ఇళ్ళల్లో జరిగిన గొడవలు నేను చూశాను. న్యూట్రినో వల్ల ఎవరికీ హాని లేదు, నిజమే. కానీ వాళ్ళు అడిగింది కొండ గురించి. ఆ ప్రశ్నకి జవాబు చెప్పాలి కదా!

మీ ఊరి కొండ కింద ఇలాంటి ల్యాబ్ కడతామంటే మీరు మొదట ఏం అడుగుతారు? కామెంట్‌లో రాయండి. మళ్ళీ కలుద్దాం, ఉంటాను.