పడకుండా ఆపితే చాలదు, కిందికి దిగాలి: ఎత్తులో పనిచేసేవాళ్ల తాడు కథ

ధర్మవరం, పెనుకొండ మధ్య తిరిగేవాళ్లకి రామగిరి కొండల మీద గాలిమరలు బాగా తెలుసు. 1990ల నుంచే ఉన్నాయవి. వాటి ముందు నిలబడి రీల్స్ తీసుకుంటాం కదా. నా ప్రశ్న ఒక్కటే. పైన రిపేరు చేసే మనిషికి ఏమైనా అయితే కిందికి ఎలా వస్తాడు?

మొదట మన మోకు దగ్గర నుంచి వద్దాం. తాటిచెట్టెక్కే గీత కార్మికులు తరతరాలుగా మోకు, ముత్తాదు వాడుతున్నారు. ఎక్కడానికి అది భేష్. కాలు జారితేనే కష్టం. మోకుకి చిక్కుకుని తలకిందులుగా వేలాడిన వాళ్ల వార్తలు మీరూ చూసే ఉంటారు.

ఫ్యాక్టరీల్లో చాలాకాలం వాడిన నడుము బెల్టుదీ ఇదే కథ. పడితే ఆపుతుంది, కానీ ఆ కుదుపంతా పొట్ట మీద, వెన్ను మీద పడుతుంది. అందుకే పడేవాళ్లని ఆపడానికి ఆ బెల్టు వాడొద్దని అమెరికా 1998 జనవరి 1 నుంచి నిషేధించింది. దాని స్థానంలో తొడలు, భుజాలు, ఛాతీ అన్నిటినీ పట్టే ఫుల్ బాడీ హార్నెస్ వచ్చింది. మన దేశంలో వీటికి ఐఎస్ 3521 ప్రమాణం ఉంది.

ఇక్కడితో అయిపోలేదు. హార్నెస్‌లో కదలకుండా వేలాడినా ప్రమాదమే. తాడుకు వేలాడి చనిపోయిన పర్వతారోహకుల గురించి 1972లో ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో డాక్టర్లు చర్చించారు. రక్తం కాళ్లలో నిలిచిపోయి గుండెకి, మెదడుకి తగ్గుతుందని ఒక వివరణ. అందుకే హార్నెస్‌కి చిన్న పట్టీలు పెట్టారు. వాటిలో కాలు పెట్టి, నిలబడినట్టు బరువు మోపాలి. ఫైరింజన్ వచ్చేదాకా ఆగితే ఆలస్యమైపోవచ్చు.

అందుకే డిసెండర్. బావి గిలక గుర్తుందా? ఒక పక్క బకెట్ దిగితే ఇంకో పక్కది పైకొస్తుంది. ఇదీ అంతే, కాకపోతే లోపల బ్రేకు ఉంటుంది. మనిషి బరువుకి తాడు పరుగెత్తకుండా అదే పట్టి, మెల్లగా దింపుతుంది. ఒకరు దిగేసరికి తాడు రెండో కొస పైకొస్తుంది, రెండోవాళ్లు తగిలించుకుని దిగొచ్చు.

2013 అక్టోబర్ 29న నెదర్లాండ్స్‌లోని ఊల్ట్‌జెన్స్‌ప్లాట్‌లో గాలిమర తగలబడింది. ఇద్దరు కుర్రాళ్లు పైనే చిక్కుకుని చనిపోయారు. ఒకరికి 19, ఇంకొకరికి 21 ఏళ్లు. మీ వయసే! దిగే దారిని మంట మూసేస్తే రెండో దారి చేతికి అందేచోట ఉండాలి, దాన్ని వాడటం ముందే చేతికి అలవాటై ఉండాలి.

గాలిమరల కంపెనీలు కలిసి 2012లో పెట్టుకున్న జీడబ్ల్యూఓ శిక్షణలో ఈ దిగడం నేర్పుతారు. రెండేళ్లకోసారి మళ్లీ నేర్చుకోవాలి. తెలంగాణలో 2024 జూలై 14న లష్కర్‌గూడలో గీత కార్మికులకు కాటమయ్య రక్ష కిట్లు ఇచ్చారు. మోకు కథ హార్నెస్ దాకా వచ్చిందన్నమాట.

హిందూపురం తూముకుంటలో షెడ్డు రేకులెక్కినా, రామగిరిలో టవరెక్కినా, బెల్టు చేతికిచ్చి ఎక్కమంటే ఒక మాట అడగండి: "అన్నా, నేను వేలాడితే నన్ను దింపేదెవరు? దేంతో?" జవాబు లేకపోతే ఎక్కొద్దు. ఎత్తులో పనిచేసే మీ వాళ్లకి ఈ ఎపిసోడ్ పంపండి. ఉంటాను!