తాత చెప్పిన సంత

ఆలంపురం నవబ్రహ్మ ఆలయాల పేర్లలో బ్రహ్మ ఉన్నా గర్భగుళ్లలో ఉన్నవి శివలింగాలే. 7, 8 శతాబ్దాల్లో బాదామి చాళుక్యులు కట్టించిన ఆ గుళ్ల శిల్పాల గురించి చాలామంది రాశారు. నాకు మాత్రం బాలబ్రహ్మేశ్వరుడి ముందు వినిపించే రుద్రమే అసలు చరిత్ర. కృష్ణ యజుర్వేదంలోని తైత్తిరీయ సంహితది అది. ఆ గుళ్లకన్నా ఎంతో పాతది.

మా తాత నాకు సంత చెప్పాడు. ఆయన ఒకసారి పలికితే నేను రెండుసార్లు పలకాలి. పుస్తకం ముట్టనిచ్చేవాడు కాదు. స్వరం జారితే అక్కడే ఆపి, "మళ్ల చెప్పురా" అనేవాడు. రుద్రంలోని నమకం 11 అనువాకాలు నోటికి వచ్చేసరికి ఎండాకాలమంతా గడిచింది. ఘనపాఠం ఇంకా కష్టం: రెండు పదాలు ముందుకు, వెనక్కి, ఆపైన మూడోది చేర్చి మూడూ ముందుకు, వెనక్కి, మళ్లీ ముందుకు. ఒక్క అక్షరం తప్పినా దొరికిపోతాం. రాత లేని కాలంలో ఇంత గట్టి కాపలా పెట్టుకున్నవాళ్లకు నేను చేతులెత్తి మొక్కుతాను.

మా వీధి చివరి హాఫిజ్ సాబ్ కూడా ఖురాన్ 114 సూరాలూ గురువుకు అప్పజెప్పే నేర్చాడు. తాతకు ఆయనంటే చాలా గౌరవం.

శ్రీశైలం జలాశయంలో మునగబోయిన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి ఆలంపురంలో మళ్లీ నిలబెట్టారు. గుడి చోటు మారినా, ఆ కొత్త చోట తాత రుద్రాన్ని ఎప్పటి అనువాకంతోనే మొదలుపెట్టాడు.