నాలుగో సుట్టుల కనబడ్డ భూమి

మంట దగ్గరికి జరుగుండ్రి బిడ్డా, చలి పెడ్తున్నది. సందమామ మీద మనిషి కాలు మోపిన ముచ్చట అందరు చెప్తరు. నేను దానికి ముందటేడు ముచ్చట చెప్త.

1968 డిసెంబర్ల అపోలో 8 మీద ముగ్గురు పోయిండ్రు. ఫ్రాంక్ బోర్మన్, జిమ్ లోవెల్, బిల్ ఆండర్స్. దిగుడు లేదు. సందమామ సుట్టు పదిమాట్ల తిరిగి వచ్చుడే. రేపు దిగేటోళ్ల కోసం ఆడి గుంతలు, గుట్టలు ఫొటోలు తీయాలె. అందుకే కిటికీలు సందమామ దిక్కే పెట్టుకున్నరు. మూడు సుట్లు అయినయి. మూడుమాట్ల భూమి పొడిసింది, ఒక్కలు సూడలే!

నాలుగో సుట్టుల, 24వ తారీఖు, బోర్మన్ ఓడను జర తిప్పిండు. ఆండర్స్ కిటికీలకెళ్లి సూస్తే ఏమున్నది? బూడిద రంగు నేల, దాని అంచు మీదికెళ్లి నీలంగ, తెల్లగ భూమి లేస్తున్నది. కెమెరాల నలుపు తెలుపు రీలుండె. ఒకటి కొట్టిండు గని పాణం ఊకోలే. రంగుల రీలు జల్ది ఇయ్యిమని లోవెల్‌ను తొందరవెట్టిండు. రీలు మార్చి తీసిన ఆ ఫొటోనే లోకమంత సూసింది. లోవెల్ బొటనేలు అడ్డం పెడితె భూమంత దానెనుక దాగిందట. మనమంత, మన తాతలంత, ఆ ఏలెనుకనే. సందమామను సూడవోయి భూమిని కనుక్కున్నమని తర్వాత ఆండర్సే చెప్పిండు.

1984 ఏప్రిల్ల మన రాకేశ్ శర్మ అంతరిక్షంలకు పోయిండు. హైద్రాబాద్ నిజాం కాలేజీల చదివినోడే. సోవియట్ రష్యా సల్యూట్ 7 స్టేషన్ల ఉండి మన దేశం ఫొటోలు తీసిండు. పైనుంచి దేశం ఎట్ల కనబడ్తున్నదని ఇందిరమ్మ అడిగితె ఇక్బాల్ పాటల మాటతోని జవాబిచ్చిండు. అంత పైకి పోయినా మనిషి ముందుగాల తన ఇంటినే ఎతుకుతడు బిడ్డా. అది తప్పు గాదు.

ఆడికెళ్లి సూస్తే సరిహద్దులు కనబడయంటరు. పగటీలి చానా మట్టుకు నిజమే. రాత్రయితె మనకు, పాకిస్తాన్‌కు నడుమ నారింజ రంగు గీత సాఫ్‌గ కనబడ్తది. కంచె పొంటి మనోళ్లు పెట్టిన లైట్లు అవి. అది సూస్తె నాకు మనసుల కలుక్కుమంటది.

రేపు సెల్‌ఫోన్ల ఆండర్స్ ఫొటో తెరిచి మంచిగ సూడుండ్రి. సూసినంక మీ నాయినకు, మీ పెదనాయినకు ఇద్దరికి సూపెట్టుండ్రి. గెట్టు కాడ జానెడు జాగ కోసం అన్నదమ్ములు మాటలు బంద్ వెట్టుకున్నరు. నేను చెప్తె ఇంటలేరు, మీరన్న చెప్పుండ్రి.