స్టోర్‌లో ‘ఫ్రీ’ యాప్: ముఫ్తా, ఆజాదా?

ఇంగ్లీషులో ‘ఫ్రీ’ అనే ఒక్క మాటకు రెండు అర్థాలు. ఉర్దూలో ఆ తికమక లేదు. పైసా ఇవ్వకుండా దొరికేది ముఫ్త్, కట్టుబాట్లు లేనిది ఆజాద్. తెలుగులోనూ ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. ఫోన్‌లోని యాప్ స్టోర్‌లలో మాత్రం ఈ రెండూ కలగాపులగం అయిపోయాయి.

ఫ్రీ సాఫ్ట్‌వేర్ అంటే?

1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ ‘గ్నూ’ ప్రాజెక్టును ప్రకటించారు. ఆ ఉద్యమం లెక్కన ఫ్రీ సాఫ్ట్‌వేర్‌కు నాలుగు స్వేచ్ఛలు ఉండాలి: ఏ పనికైనా వాడుకోవడం, సోర్స్ కోడ్ చూసి మార్చుకోవడం, ఇతరులకు కాపీ ఇవ్వడం, మార్చిన కాపీని కూడా పంచడం. డబ్బులకు అమ్మినా ఈ నాలుగూ ఉంటే అది ఫ్రీ సాఫ్ట్‌వేరే. ఇవి లేనిది ప్రొప్రైటరీ, అంటే హక్కులన్నీ కంపెనీ చేతిలోనే ఉంటాయి.

గీత ఎలా చెరిగింది?

ప్లే స్టోర్‌లో రెండు రకాలకూ ఒకటే ‘ఇన్‌స్టాల్’ బటన్. ఆండ్రాయిడ్ మూల కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది కానీ, దానిపై నడిచే గూగుల్ ప్లే సర్వీసెస్ కోడ్ మూసి ఉంటుంది. టెలిగ్రామ్ యాప్ కోడ్ బయట దొరుకుతుంది, సర్వర్ కోడ్ దొరకదు. వీఎల్‌సీ ప్లేయర్‌ది మరో కథ. దాని లైసెన్సుకు యాపిల్ స్టోర్ షరతులు పొసగవని ఆ ప్లేయర్ డెవలపర్లలో ఒకరే అభ్యంతరం చెప్పడంతో 2011లో ఐఫోన్ స్టోర్ నుంచి తీసేశారు. లైసెన్సు మార్చాక 2013లో తిరిగొచ్చింది.

మనకెందుకు?

నమాజు వేళలు, ఖిబ్లా చూపే ‘ముస్లిం ప్రో’ కోట్లమంది డౌన్‌లోడ్ చేసుకున్న యాప్. డబ్బు కట్టకుండానే వాడుకోవచ్చు, కోడ్ మాత్రం బయటికి ఇవ్వరు. వాడేవారి లొకేషన్ వివరాలు ‘ఎక్స్-మోడ్’ అనే డేటా కంపెనీకి వెళ్తున్నాయని, ఆ కంపెనీ ఖాతాదారుల్లో అమెరికా సైన్యం కాంట్రాక్టర్లు ఉన్నారని 2020 నవంబర్‌లో ‘మదర్‌బోర్డ్’ బయటపెట్టింది. సైన్యానికి నేరుగా అమ్మలేదన్న యాప్ సంస్థ, డేటా భాగస్వాములతో సంబంధాలు తెంచుకుంటున్నట్టు ప్రకటించింది. ముఫ్త్‌గా వచ్చినదానికి వెల వేరే రూపంలో కట్టాల్సి రావచ్చని అప్పుడు చాలామందికి తెలిసొచ్చింది.

ఎలా చూసుకోవాలి?

* యాప్‌లోని ‘అబౌట్’ పేజీలో లైసెన్సు పేరు, సోర్స్ కోడ్ లింకు ఉన్నాయేమో చూడాలి. జీపీఎల్, ఎంఐటీ, అపాచీ వంటివి ఫ్రీ లైసెన్సులు.
* ప్లే స్టోర్‌లోని ‘డేటా సేఫ్టీ’ వివరాలు డెవలపర్ స్వయంగా ఇచ్చుకునేవి. వాటినే నమ్ముకుని కూర్చోకూడదు.
* ‘ఎఫ్-డ్రాయిడ్’ స్టోర్‌లో ఫ్రీ సాఫ్ట్‌వేరే ఉంటుంది. ప్రకటనలు, నిఘా వంటివి ఉంటే యాప్ పేజీలోనే హెచ్చరిస్తుంది.
* నమాజు వేళల యాప్‌కు ఊరి పేరు ఎంచుకుంటే చాలు. లొకేషన్ ఎప్పుడూ ఆన్‌లో ఉంచక్కర్లేదు.
* వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లను ఇన్‌స్టాల్ చేయొద్దు.

కోడ్ తెరిచి ఉన్నంత మాత్రాన ప్రతి యాప్ మంచిదని కాదు, మూసి ఉన్నవన్నీ మోసమనీ కాదు. తేడా ఒక్కటే. తెరిచి ఉంటే తెలిసినవాళ్లు ఎవరైనా లోపల చూసి చెప్పగలరు. మూసి ఉంటే కంపెనీ మాట మీదే ఎక్కువగా ఆధారపడాలి.