కట్టు కట్టాక.. ఏ ఊతం మేలు?

కాలు గాని, పాదం గాని విరిగినవారు కట్టు కట్టించుకొని ఇల్లు చేరగానే ఎవరింటి అటకపైనో ఉన్న చంకకర్రలను తెప్పించుకోవడం పల్లెల్లో పరిపాటి. ఆస్పత్రిలో వేసిన పిండికట్టయినా, పుత్తూరు కట్టయినా ఇదే తీరు. దీనివల్ల ఖర్చు కలిసిరావచ్చు. అయితే గాయపడిన కాలిపై ఎంత బరువు మోపవచ్చో ముందుగా ఎముకల వైద్యుని అడిగి తెలుసుకోవాలి. ఊతం ఎంపికకు అదే ఆధారం.

కాలు నేలకు ఆనించనే కూడదన్నప్పుడు చేతికర్ర పనికిరాదు. అది మోయగలిగేది శరీర బరువులో సుమారు నాలుగో వంతు మాత్రమే. చేతుల్లో సత్తువ, నిలకడ ఉన్నవారికి రెండు చంకకర్రలు అనువైనవి. తూలిపడే భయమున్న వృద్ధులకు వాకర్ క్షేమం. అందులోనూ కాలు మోపకూడనివారికి చక్రాలు లేని వాకరే మేలు. పాదం, చీలమండ గాయాలకు మోకాలు ఆనించి నెట్టుకుపోయే స్కూటర్లు కూడా ఉన్నాయి గాని, గడపలున్న ఇళ్లకు, గతుకుల వీధులకు అవి సరిపడవు.

ఎరువు తెచ్చుకున్న కర్రలతో వచ్చే చిక్కు కొలతల్లోనే. నిటారుగా నిలబడినప్పుడు కర్ర పైభాగానికి, చంకకు నడుమ రెండు మూడు వేళ్ల ఎడం ఉండాలి. చేతిపిడి మణికట్టు ఎత్తులో ఉంటే మోచేయి కొద్దిగా వంగుతుంది. బరువు అరచేతులపైనే పడాలి. పొడవైన కర్రలపై చంకలతో వేలాడుతూ నడిస్తే అక్కడి నరాలు నలిగి మణికట్టు వాలిపోయే ప్రమాదముంది. కాలికి వచ్చిన కష్టం చేతికీ చుట్టుకుంటుందన్నమాట. కర్రల అడుగున రబ్బరు తొడుగులు అరిగితే వెంటనే మార్చాలి. తడిసిన గచ్చుపై అరిగిన తొడుగు ఇట్టే జారుతుంది.

కాలు కొంత కుదుటపడి, వైద్యుడు అనుమతించాక చేతికర్రకు మారవచ్చు. దానిని గాయపడిన కాలి వైపు పట్టుకోవడం చాలామంది చేసే పొరపాటు. బాగున్న కాలి వైపు చేతిలో పట్టుకొని, గాయపడిన కాలితో పాటే ముందుకు వేయాలి. మెట్లు ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు కర్ర, గాయపడిన కాలు ముందు.

నేలబారు మరుగుదొడ్డి ఉన్న ఇంట్లో కమోడ్ కుర్చీ కూడా సమకూర్చుకోవాలి. ఒంటికాలిపై కూర్చొని లేవడం పడిపోవడానికి దారితీస్తుంది.

కేంద్ర ప్రభుత్వ అడిప్ పథకం కింద ఉపకరణాలు పొందాలంటే కనీసం 40 శాతం వైకల్య ధ్రువపత్రం, ఆదాయ పరిమితి తప్పనిసరి. కొద్ది నెలల్లో మానిపోయే విరుగుడుకు అది వర్తించదు. అటువంటివారు సర్దుబాటు రంధ్రాలున్న కర్రలను అద్దెకు గాని, పాతవి గాని తీసుకొని, తమ ఎత్తుకు అమర్చుకొని, కొత్త తొడుగులు వేయించుకుంటే సరిపోతుంది.