జున్నుగడ్డలో రేపటిని వెదికినవారు



మన తెలుగు బైబిలులో జున్నుగడ్డ అనే మాట ఉంది. దావీదు యుద్ధభూమిలో ఉన్న అన్నలను చూడబోతూ వారి సహస్రాధిపతి కోసం పది జున్నుగడ్డలు తీసుకువెళ్లాడు (1 సమూయేలు 17:18). యోబు తన పుట్టుకను తలచుకుని, జున్ను పేరబెట్టినట్టు దేవుడే తనను రూపించాడని మొరపెట్టాడు (యోబు 10:10). ఇది ఈనిన గేదె తొలిపాలతో మనం వండుకునే జున్ను కాదు. పాలు విరిచి, నీరు పిండి, గడ్డకట్టించి నిలవచేసుకునేది. పట్నం దుకాణాల్లో చీజ్ అని అమ్మేది ఇదే. కడుపు నింపడానికి దేవుడిచ్చిన ఈ ఆహారంలో కూడా మనుషులు తమ రేపటిని వెదికారు. ఆ చరిత్రలో మనం నేర్చుకోవలసిన పాఠం ఉంది.

క్రీస్తు తరువాత రెండవ శతాబ్దంలో అర్తెమిదోరు అనే గ్రీకు రచయిత ఉండేవాడు. ఆయన ఎఫెసు పట్టణస్థుడు. అంతకు సుమారు వంద సంవత్సరాల ముందు, పౌలు సువార్త విన్నవారు తమ మాంత్రిక పుస్తకాలను తెచ్చి కాల్చివేసిన పట్టణమే అది (అపొస్తలుల కార్యములు 19). కలలకు అర్థాలు చెప్పే తన గ్రంథంలో అర్తెమిదోరు, నమ్మకూడని సోదెగాళ్ల పట్టిక ఒకటి ఇచ్చాడు. పాచికలు వేసేవారు, జల్లెడ చూసేవారు, మృతులను పిలిచేవారు అందులో ఉన్నారు. వారితోపాటు జున్నుగడ్డ చూసి చెప్పేవారు కూడా ఉన్నారు. వీరంతా మోసగాళ్లట. అయితే పక్షులను, నక్షత్రాలను, బలిపశువు కాలేజాన్ని, కలలను చూసి చెప్పేవారి మాట నిజమట! కలలు చెప్పడం ఆయన వృత్తి అని మరచిపోవద్దు. పక్కవాడి సోదె అబద్ధం, తన సోదె నిజం. ఈ వాదన నేటికీ మారలేదు.

ఇంగ్లండు పల్లెల్లో మరో ఆచారం ఉండేది. కాన్పు సమయానికి ఇంట్లో పెద్ద జున్నుగడ్డ సిద్ధంగా ఉంచేవారు. బిడ్డ పుట్టగానే దాన్ని కోసేవారు. ఉత్తర ప్రాంతాల్లో పెళ్లికాని పిల్లలు ఆ మొదటి ముక్కను దిండు కింద పెట్టుకుని పడుకునేవారు, కాబోయే భర్త కలలో కనబడతాడని. ఆ పిల్లలను చూసి నవ్వుకోవద్దు. ఎవరి ఇంటికి వెళతానో, ఎలాంటివాడు దొరుకుతాడోనన్న దిగులు వారిది. ఆ దిగులు మన ఆడపిల్లలకు తెలియనిదా?

గడ్డలోని రంధ్రాలను, బూజును, గీతలను చూసి కూడా జోస్యం చెబుతారు. మరి ఆ రంధ్రాలు ఎలా వస్తాయి? పాలలోని సూక్ష్మజీవులు విడిచే వాయువు వల్ల. 2015లో స్విట్జర్లాండులోని అగ్రోస్కోప్ పరిశోధనా సంస్థ ఇంకో సంగతి తేల్చింది. పాలు పితికేటప్పుడు బకెట్లో పడే కంటికి కనబడని ఎండుగడ్డి నలుసుల దగ్గరే ఆ రంధ్రాలు మొదలవుతాయట. మూతవేసిన యంత్రాలతో పాలు పితకడం వచ్చాక రంధ్రాలు తగ్గిపోయాయి. అంటే ఆ రంధ్రాల్లో ఉన్నది మనిషి తలరాత కాదు, పశువుల పాకలోని గడ్డి దుమ్ము.

ఇంతవరకైతే అమాయకత్వమే అనుకోవచ్చు. కానీ ఇదే ఆహారం మనిషి మెడకు ఉరి కూడా అయింది. పాత ఇంగ్లండులో నేరం మోపబడినవాడికి ప్రార్థన చేసిన రొట్టె, జున్నుగడ్డ ముక్క ఇచ్చి మింగమనేవారు. గొంతు దిగితే నిర్దోషి, అడ్డుపడితే దోషి. 1014 నాటి ఎథెల్రెడ్ రాజు శాసనం ప్రకారం, తన పక్షాన ప్రమాణం చేసే బంధుమిత్రులెవరూ లేని సేవకుడు ఈ పరీక్షకు నిలబడాలి. గమనించండి, ఈ పరీక్ష దిక్కులేనివాడికి! మన దేశంలో నారదస్మృతి కూడా దొంగతనం కేసుల్లో బియ్యం నమిలించే పరీక్షను చెప్పింది. భయపడినవాడి నోరు ఎండిపోతుంది, ముద్ద దిగదు. అయితే భయపడేది దొంగ ఒక్కడేనా? ఊరంతా వేలు చూపిస్తే నిరపరాధికి కూడా గొంతు ఎండుతుంది.

1053లో గాడ్విన్ అనే గొప్ప ప్రభువు రాజు విందులో కుప్పకూలాడు, మాట పడిపోయింది, కొన్ని రోజులకు చనిపోయాడు. నాటి చరిత్ర చెప్పేది ఇంతే. తరువాతి తరాలవారు మాత్రం, అబద్ధ ప్రమాణం చేసి ముద్ద మింగబోయి చచ్చాడని కథ అల్లారు. జబ్బు చేసినవాడి మీద తీర్పు చెప్పడం ఎంత సులువో చూడండి. చివరికి 1215లో రోములో జరిగిన లాటరన్ సభ, వేడినీళ్లు, చన్నీళ్లు, కాలిన ఇనుముతో చేసే పరీక్షలను సేవకులు ఆశీర్వదించకూడదని ఆజ్ఞ ఇచ్చింది.

ప్రియులారా, ఇప్పుడు మన సంగతికి వద్దాం. మనం సోదెమ్మ దగ్గరకు వెళ్లం, చిలక చేత చీటీ తీయించం. కానీ కళ్లు మూసుకుని బైబిలు తెరిచి, వేలు పడిన వచనాన్ని బట్టి సంబంధం ఖాయం చేసుకునేవారు మనలో లేరా? జనవరి ఒకటిన తీసిన వాగ్దానపు కార్డులో ఆశీర్వాదం వస్తే సంబరం, గద్దింపు వస్తే ఇంకో కార్డు అడగడం మనం చూడడం లేదా? ఇదీ పాతదే. లేఖనాలు తెరిచి జోస్యం చూడడాన్ని 506లో అగ్దె సభ, 511లో ఓర్లెయాన్ సభ నిషేధించాయి. కార్డు ఇవ్వడం పాపమని మేము అనడం లేదు. ఆ వచనం ముందూ వెనకా చదవకుండా దాన్ని చీటీలా వాడుకుంటే, మనం వాక్యాన్ని జున్నుగడ్డను చేసినట్టే.

ఇంకొక మాట. ఇంట్లో బంగారం పోయినా, బిడ్డకు జబ్బు చేసినా, ఎవరో చెప్పిన సోదెను బట్టి పక్కింటి ముసలామె మీద బాణామతి నింద వేయకండి. దిక్కులేనివారి పక్షాన ప్రమాణం చేసే మనిషిగా నిలబడడం సంఘం పని. రేపటిని గూర్చి భయం కలిగితే పెద్దలతో మాట్లాడండి, వైద్యుడికి చూపించండి, మోకరించండి. యోబుకు తన రేపు తెలియదు. తనను పేరబెట్టిన చేయి ఎవరిదో తెలుసు. మనకూ అది చాలు.

అట్టి విశ్వాసము ప్రభువు మనకందరికీ దయచేయును గాక. ఆమేన్.