ముప్పై ఫిరంగుల వీరన్న

1680 మార్చిలో ఒక సాయంత్రం చెన్నపట్నం కోట మీద ముప్పై ఫిరంగులు పేలాయి. శత్రువు రాలేదు, రాజుగారి పుట్టినరోజూ కాదు. ఈస్టిండియా కంపెనీ పెద్ద వర్తకుడు కాసి వీరన్న కాలం చేశాడు. ఒక తెలుగు వ్యాపారి చితి మండుతుంటే ఇంగ్లీషు కోట తన మందుగుండుతో వందనం చేసింది. ఆయన భార్యల్లో ఒకామె సహగమనానికి సిద్ధపడితే గవర్నరు అడ్డుపడ్డాడు.

ఇంగ్లీషువాళ్ల దస్తరాల్లో ఈయన పేరు ‘కాసా వెరోనా’. ఇటలీలోని ఊరి పేరులా ఉన్న ఆ ముసుగు తీస్తే అచ్చమైన మన వీరన్న కనబడతాడు.

ఆ గవర్నరు స్ట్రేన్‌షాం మాస్టర్ సూరత్‌లో రాటుదేలినవాడు. శివాజీ 1664లో దక్షిణాన గణదేవి దారిన, నేటి ఉధ్నా ఉన్న దిక్కు నుంచే, సూరత్ మీదికి వచ్చాడు. 1670 అక్టోబరులో మళ్లీ వచ్చినప్పుడు ఇంగ్లీషు కోఠీని కొద్దిమందితో కాపాడింది ఈ మాస్టరే. ఊళ్లో మొగలు అధికారి కన్నా షావుకారు మాటకే విలువ ఎక్కువని సూరత్‌లో బతికినవాడికి వేరే చెప్పాలా? అక్కడి షావుకారు వీర్జీ వోరా దగ్గర కంపెనీయే అప్పులు తెచ్చుకునేది. కంపెనీ దళారీ భీమ్‌జీ పారేఖ్ అయితే అచ్చుయంత్రం పంపమని లండన్‌ను అడిగాడు. 1674లో హెన్రీ హిల్స్ అనే ముద్రాపకుడు వచ్చాడు కూడా. కానీ దేశీ అక్షరాలు పోతపోయడం అతనికి చేతకాలేదు. అది కుదిరి ఉంటే మన పుస్తకాల చరిత్ర ఎంత ముందుకు జరిగేదో! తలచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

చెన్నపట్నంలో అలాంటి స్థానం మొదట బేరి తిమ్మన్నది. 1639లో దామెర్ల వెంకటప్ప నాయకుడు ఇసుకదిబ్బ లాంటి ఆ తీరాన్ని ఇంగ్లీషువాళ్లకు ఇచ్చాక, వాళ్ల నీడన స్థిరపడ్డ వర్తకుల్లో తిమ్మన్న ముఖ్యుడు. ఆయన తరవాత పగ్గాలు భాగస్వామి వీరన్న చేతికి వచ్చాయి. కంపెనీ నమూనా గుడ్డ చూపించి బయానా ఇచ్చేది. వీరన్న దాన్ని చిన్న వర్తకులకు పంచితే, వాళ్లు పల్లెల్లో సాలెవాళ్లకు ఇచ్చేవారు. ఓడ వచ్చేవేళకు తానులు కోటకు చేరాలి. నేత ఊళ్లన్నీ ఆయన పలుకుబడి కిందే ఉండేవి కనుక వీరన్నను కాదని గవర్నరు ఒక్క తాను కొనడమూ కష్టమే.

రాజకీయమూ అంతే నేర్పుగా నడిపాడు. ఫ్రెంచివాళ్లు 1674లో శాంథోమ్ వదిలిపోయాక గోల్కొండ ప్రభుత్వం నుంచి ఆ ఊరిని గుత్తకు తీసుకున్నాడు. ఒక చేత్తో కంపెనీకి విధేయత, మరో చేత్తో కుతుబ్‌షాహీ కొలువుతో చెలిమి. ముస్లింలు ఆయన్ని హసన్ ఖాన్ అని పిలిచేవారనీ, మూర్ వీధిలో మసీదు కట్టించింది ఆయనేననీ చెబుతారు. పొద్దున కోటలో, సాయంత్రం గోల్కొండ వకీళ్లతో మాట్లాడగల మనిషి దొరకడం కంపెనీకి పెద్ద అదృష్టం.

ఆయన పోయాక తిమ్మన్న తమ్ముడు పెద వెంకటాద్రి పెద్ద వర్తకుడయ్యాడు. తరవాతి కాలంలో కంపెనీ బలిసింది, వర్తకులు చిక్కిపోయారు. తిమ్మన్న పేరుతో ముడిపడ్డ చెన్నకేశవ ఆలయాన్ని 1757 ప్రాంతంలో కూలదోశారు. దాని చోటు ఇప్పుడు హైకోర్టు ఆవరణ. పూలబజారు దగ్గర మళ్లీ గుడి కట్టారు గానీ పాత రాళ్లు, వాటి మీది జ్ఞాపకాలు తిరిగి రాలేదు. అంతకన్నా పెద్ద నష్టం వీరన్న గొంతు. ఆయన గురించి తెలిసినదంతా దాదాపు పరాయివాళ్లు రాసిపెట్టుకున్నదే.

నేత మాత్రం ఆగలేదు. 1734లో కంపెనీ చింతాద్రిపేటను నేతగాళ్ల కోసమే కట్టించింది. నల్లగొండ, వరంగల్లు, కరీంనగర్ ప్రాంతాల పద్మశాలీలు షోలాపూర్, భీవండి, సూరత్ దారి పట్టింది చాలా తరవాత. సూరత్‌లో ఉధ్నా, లింబాయత్ వైపు సాంచెల (మరమగ్గాల) దగ్గర ఇప్పటికీ తెలుగు వినిపిస్తుంది. సిరిసిల్లలో యజమాని నూలు బీములిస్తే మధ్యలో ఉండే ఆసామి సాంచెలు నడిపిస్తాడు, కార్మికుడికి మీటరు లెక్కన కూలి. వీరన్న బయానా పంచిన వరుసకు ఇది దగ్గరి చుట్టమే. ఆయన చితి వేళ కోట ఫిరంగులు పేల్చింది. ఆ తానులు నేసిన సాలెవాళ్ల పేర్లను మాత్రం ఏ గుమాస్తా తప్పుగానైనా రాసిపెట్టలేదు.